పరిష్కరించామని మెసేజ్ పెట్టింది ఎవరండీ?

కస్టమర్ కేర్ మేనేజరు గారికి,

మాది రావులపాలెం. ఆరేళ్లుగా డాబా మీద కుండీల్లో వంగకీ టమాటాకీ మీ ఎరువే పోస్తున్నాను. మా వీధిలో నలుగురి చేత కొనిపించింది కూడా నేనే. అలాంటిదాన్ని 17 రోజులు తిప్పారు. మొక్కలు పాడైనందుకు కాదు, అలా తిప్పినందుకే ఈ ఉత్తరం.

మీ టమాటా ఎరువు వారం వారం పోశాక కింది ఆకులు పండటం మొదలైంది. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్యంతా పసుపు. వేలు తగిలితే చాలు, ఊడి చేతిలోకొచ్చేసేవి.

ఫోన్ చేస్తే అరగంట పాట వినిపించాక ఒకమ్మాయి నీళ్లు ఎక్కువయ్యాయంది. తగ్గించాను. రెండోసారి ఎత్తినాయన నీళ్లు చాలట్లేదన్నాడు. "మొన్న మీవాళ్లే తగ్గించమన్నారు కదండీ" అంటే "అది నాకు తెలీదు మేడమ్" అన్నాడు. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టమంటే 11 పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. మూడోసారి దొరికినాయనకి తెలుగు రాదు, నాకు హిందీ రాదు. నాలుగోసారి అంతా మళ్లీ మొదట్నుంచి చెప్పించుకుని, నేను మాట్లాడుతుండగానే లైను కట్ చేశారు. ఆ సాయంత్రమే "మీ సమస్య పరిష్కరించబడింది" అని మెసేజ్. అది చదువుతుంటే ఎదురుగా మొక్కలు పండిపోయి ఉన్నాయి. నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు ఒక కొమ్మ కవర్లో పెట్టుకుని కడియపులంక వెళ్లాను. నర్సరీలో నీళ్లు పెడుతున్న పెద్దాయన ఆకుని వెలుతురుకి పట్టి చూసి, ఏం పోస్తున్నారని అడిగాడు. మీ డబ్బా చూపించాను. "ఆయ్, మెగ్నీషియం చాలట్లేదండీ. పొటాష్ ఎక్కువైతే మొక్క మెగ్నీషియం తీసుకోలేదు" అన్నాడు. రెండు నిమిషాలు పట్టింది. నన్నేమీ కొనమనలేదు కూడా. లీటరు నీటికి 5 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి ఆకుల మీద కొట్టాను. పండిన ఆకులు పోయాయి గానీ కొత్త చిగుళ్లు పచ్చగా వస్తున్నాయి.

ఆ ఒక్క మాట చెప్పగలిగే మనిషి మీ ఆఫీసులో లేడా? ఆరేళ్ల నమ్మకానికి ఆపాటి విలువైనా లేదా?

డబ్బాకి పెట్టిన డబ్బు తిరిగివ్వండి. అంతకన్నా ముందు, తెలుగు వచ్చినవాళ్లెవరైనా ఫోన్ చేసి, పరిష్కరించామని ఎందుకు రాశారో నాకు చెప్పాలి. వారంలోగా ఫోన్ రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఆ 11 ఫొటోలూ, మీ మెసేజూ దాచి ఉంచాను. కొనిపించిన ఆ నలుగురి చేతా నేనే మాన్పిస్తాను.

ఇట్లు,
మీ ఆరేళ్ల ఖాతాదారు