వారపు ఆన్‌లైన్ సమావేశం: మారిన వేళ, కొన్ని మనవులు

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో మార్చి రెండవ ఆదివారం నాడు గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు కనుక, న్యూయార్క్ సమయం ప్రకారం ఉదయం 9 గంటలకు జరిగే మన సమావేశం హైదరాబాద్‌లో ఉన్నవారికి ఇకపై రాత్రి 7:30కు బదులు సాయంత్రం 6:30కే మొదలవుతుందని, నవంబరు మొదటి ఆదివారం వరకు ఇదే వేళ కొనసాగుతుందని గమనించగలరు.

చర్చించవలసిన అంశాలను, చదవవలసిన పత్రాలను ముందురోజే ఈ గ్రూపులో పెడితే, వాటిని అప్పటికప్పుడు చదివి వినిపించే పని తప్పి, నిర్ణయాలకు సమయం మిగులుతుంది. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. మాట్లాడనప్పుడు మైక్‌ను మ్యూట్‌లో ఉంచండి. స్క్రీన్ షేర్ చేసేటప్పుడు మొత్తం తెరను కాక అవసరమైన విండోను మాత్రమే చూపిస్తే, మీ సొంత సందేశాలు పదిమంది కంట పడవు. నెట్ నెమ్మదించినప్పుడు ముందుగా వీడియో ఆపితే మాట తెగకుండా వినబడే అవకాశం పెరుగుతుంది. ఇంట్లో పసిపిల్లలో, ఆరోగ్యం బాగాలేని పెద్దవారో ఉన్నవారు కెమెరా ఆపి కూర్చున్నా ఎవరూ తప్పుగా భావించవద్దని నా ప్రత్యేక మనవి.

కరెంటు పోయి మధ్యలో తప్పుకోవలసి వస్తే ఇక్కడ ఒక్క మాట రాయండి. తీసుకున్న నిర్ణయాలను అదే రాత్రి ఈ గ్రూపులో ఉంచుతాను.