‘పరీక్షకు రాయండి, నమ్మనక్కర్లేదు’

సంపాదకుడికి,

అయ్యా,

పదో తరగతి జీవశాస్త్రంలో జీవపరిణామం దగ్గరికి వచ్చేసరికి కొందరు ఉపాధ్యాయులు ‘ఇదంతా డార్విన్ ఊహ, పరీక్షకు రాసెయ్యండి, నమ్మనక్కర్లేదు’ అని పేజీలు తిప్పేస్తారు. ఒకరు దశావతారాలే అసలు పరిణామమంటారు, మరొకరు సృష్టి ఆరు రోజుల్లో ముగిసిందంటారు. మతం ఏదైనా పిల్లలకు జరిగే నష్టం ఒక్కటే. ఇలాంటప్పుడు తల్లిదండ్రులు, ప్రధానోపాధ్యాయులు చూసీ చూడనట్టు ఊరుకుంటారు, లేదా వీడియో తీయించి వాట్సాప్‌లో పెట్టి రచ్చ చేస్తారు. రెండూ పనికిరావు.

ఆ ఉపాధ్యాయుడికి వెనక బలం లేదనుకోవద్దు. 2018 జనవరిలో కేంద్ర సహాయమంత్రి ఒకరు డార్విన్ సిద్ధాంతం శాస్త్రీయంగా తప్పని బాహాటంగా అన్నారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు ఉమ్మడిగా ఖండించాల్సి వచ్చింది. మరుసటి ఏడాది జలంధర్‌లో జరిగిన శాస్త్రవేత్తల సభ సైన్స్ కాంగ్రెస్‌లో కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలని సెలవిచ్చింది మన ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపకులపతే. 2023లో కేంద్ర పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకంలో ‘అనువంశికత, పరిణామం’ అన్న అధ్యాయం ఉత్త ‘అనువంశికత’గా మిగిలింది. వద్దని 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు బహిరంగ లేఖ రాసినా ఫలితం లేకపోయింది.

ముందు తేల్చుకోవలసింది, ఆ ఉపాధ్యాయుడికి విషయం తెలియదా, తెలిసీ ఒప్పుకోరా అన్నది. దీనికి గొడవ అక్కర్లేదు. స్టాఫ్‌రూమ్‌లో తోటి సైన్స్ ఉపాధ్యాయుడు ‘ప్రకృతి వరణం పిల్లలకు ఎలా చెబుతున్నారండీ?’ అని అడిగితే చాలు. పరిసరాలకు తగ్గ జీవులే ఎక్కువగా బతికి సంతానాన్ని పెంచుకోవడమే ప్రకృతి వరణం. ‘కోతి మెల్లగా మనిషయింది, మరి ఇప్పటి కోతులు ఎందుకు కావట్లేదు?’ అన్నారంటే ఆయనకే పాఠం అందలేదని అర్థం. ఎక్కువమంది ఈ కోవలోనే ఉంటారు. మనిషి, చింపాంజీ సుమారు 60, 70 లక్షల ఏళ్ల నాటి ఉమ్మడి పూర్వీకుల నుంచి విడిపోయిన శాఖలు. పెదనాన్న పిల్లలు బతికుండగా నువ్వెలా పుట్టావని ఎవరైనా అడుగుతారా? చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనకు 23. మన రెండో క్రోమోజోము పూర్వీకుల క్రోమోజోములు రెండు అతుక్కుని ఏర్పడింది. చివర్లలో ఉండాల్సిన డీఎన్‌ఏ వరుస దాని నడుమ కనిపించడం అందుకు ఆనవాలు.

ఇలాంటివారికి మెమోలు ఇవ్వకూడదు, పాఠం చెప్పే సరంజామా ఇవ్వాలి. దినపత్రిక ఒకటి బల్ల మీద పరచండి. పంచింగ్ మెషిన్‌తో అదే పత్రిక నుంచి 50, రంగు కాగితం నుంచి 50 చుక్కలు కొట్టి దాని మీద చల్లండి. ఒక విద్యార్థి పక్షిలా 20 సెకన్లపాటు ఒక్కొక్కటే ఏరాలి. మిగిలిన ప్రతి చుక్కకూ అదే రకం చుక్క ఒకటి చేర్చి మళ్లీ ఏరించాలి. మూడు నాలుగు తరాలకు ఏ రకం ఎక్కువవుతుందో పిల్లలే లెక్క రాసుకుంటారు. ఎక్కడ చెడుతుందంటే, పిల్లలు చేత్తో ఊడ్చేస్తారు. అప్పుడు ఎంపిక జరగదు. ఒక చుక్క తీశాక తల పక్కకు తిప్పి మళ్లీ చూడమనాలి. ఫ్యాను కట్టేయడం మరవద్దు.

మన నేల మీది ఉదాహరణలకూ కొదవ లేదు. పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టి ఉంది. ఏజెన్సీలో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తజబ్బు కనిపిస్తుంది. ఆ జన్యువు ఒక్క ప్రతి ఉంటే తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ, రెండు ఉంటే జబ్బు. మలేరియా ప్రాంతాల్లో అది ఎందుకు నిలిచిందో పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు.

తెలిసీ ఒప్పుకోనివారి సంగతి వేరు. అక్కడ కాగితం కావాలి. తేదీ, పీరియడ్, సెక్షన్, అధ్యాయం, అన్న మాటలు అన్నట్టుగా, నోట్‌బుక్ పేజీ జిరాక్స్, ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రుల సంతకాలు. ‘మతం నూరిపోస్తున్నారు’ అని రాస్తే అది మత వివాదమై కూర్చుంటుంది. ‘ఫలానా పాఠ్యాంశం బోధించలేదు, మళ్లీ చెప్పించండి’ అని రాయండి. ప్రధానోపాధ్యాయుడి దగ్గర అందినట్టు సంతకం తీసుకోండి. ఆయన ఆ పీరియడ్‌లో కూర్చుని చూసి, లెసన్ ప్లాన్ తెప్పించుకుని, ఏ తేదీలోగా మళ్లీ బోధించాలో రాతపూర్వకంగా ఇవ్వాలి. కదలిక లేకపోతే డిప్యూటీ విద్యాధికారికి, ఆపైన జిల్లా విద్యాధికారి (డీఈవో)కి రాయండి. పిల్లల్ని మాత్రం ముందుకు తోయొద్దు, బడిలోనే వేసే ఫార్మేటివ్ మార్కులు ఆ ఉపాధ్యాయుడి చేతిలోనే ఉంటాయి.

చట్టం చూసుకుని రాయాలి. రాజ్యాంగంలోని 51ఏ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుడి ప్రాథమిక విధి అంటుంది. వినడానికి బాగుంటుంది కానీ దాన్ని పట్టుకుని ఎవరి మీదా చర్య తీసుకోలేరు. విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ పాఠ్యప్రణాళిక మొత్తం పూర్తి చేయడం ఉపాధ్యాయుడి బాధ్యత అంటుంది, చేయకపోతే సర్వీసు నిబంధనల కింద చర్య ఉంటుంది. అయితే ఆ చట్టం ఎనిమిదో తరగతి వరకే. తొమ్మిది, పదికి సర్వీసు నిబంధనలే దిక్కు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో మతబోధనను రాజ్యాంగం 28వ అధికరణ నిషేధిస్తుంది. తల్లిదండ్రులు సభ్యులుగా ఉండే పాఠశాల యాజమాన్య కమిటీ నిబంధన ఎయిడ్ లేని ప్రైవేటు బడికి వర్తించదు కాబట్టి ముందు కరస్పాండెంట్‌కే రాయాలి.

రాతపూర్వక ఆదేశానికి ఉన్న బలం అమెరికాలో తేలింది. ఒహైయో రాష్ట్రం మౌంట్ వెర్నన్‌లో ఒక ఎనిమిదో తరగతి సైన్స్ ఉపాధ్యాయుడి తొలగింపును ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 2013లో 4-3 తేడాతో సమర్థించింది. సృష్టివాదం బోధించాడా లేదా అన్న జోలికి కోర్టు పోలేదు. గదిలోని మతపరమైన వస్తువులు తీసేయమన్న స్పష్టమైన ఆదేశాన్ని ధిక్కరించాడన్న కారణం ఒక్కటే నిలిచింది.

ఉపాధ్యాయుడి నమ్మకం మార్చమని ఎవరూ అడగకూడదు. ‘మీరు నమ్ముతారా సార్?’ అని పిల్లలు అడిగితే ‘నా నమ్మకం నా ఇంటి విషయం, సైన్స్ దగ్గరున్న ఆధారాలు ఇవి’ అంటే సరిపోతుంది. అనుకూలం, ప్రతికూలం అని తరగతిలో డిబేట్ పెట్టే తెలివి మాత్రం వద్దు. మాటకారి గెలుస్తాడు, శిలాజం ఓడిపోతుంది.

రెండు తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల సంస్థలు ఎస్‌సీఈఆర్‌టీలూ ఈ పాఠానికి నాలుగు పేజీల ఉపాధ్యాయ కరదీపిక వేసి, పాఠం మొదలయ్యే నెలకు ముందు జరిగే కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయుల) సమావేశంలో ఒక పూట దీనికే కేటాయించాలి. తరచూ వచ్చే పది ప్రశ్నలు, వాటికి జవాబులు, పైన చెప్పిన కాగితపు చుక్కల ప్రయోగం అందులో ఉంటే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
ఖమ్మం.