ఉదయగిరి కొండవాలు పనులు: సంఘం వార్షిక నివేదిక, 2024-25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది పనుల్లో ముందుగా చెప్పాల్సింది తూర్పు వాలు మీద మనం చేసిన పొరపాటు. ఉపగ్రహ పటం చూసుకుని, ఏ-ఫ్రేముతో (A అక్షరంలా కట్టిన కర్రల చట్రం) వాలుకు అడ్డంగా మట్టం పట్టి, ఆ గీత తప్పకుండా వాననీళ్లనూ మట్టినీ ఆపే కందకాలు తవ్వాం. లెక్కలో తప్పేమీ లేదు. కానీ ఈశాన్య రుతుపవనాల తొలి వానకే సగం పూడిపోయాయి. వెళ్లి చూస్తే గట్ల మీదంతా మేకల గిట్టల గుర్తులే. తరతరాలుగా మేకలు దిగే బాటకు అడ్డంగా తవ్వేశాం. "దారి మూస్తే అవి గట్టెక్కి దిగవా? ఒక్క మాట అడిగుంటే చెప్పేవాళ్లం గదా అబ్బయా" అన్నాడు ఒక పెద్ద కాపరి. నిజమే, అడగలేదు.

వెలిగొండల్లో మన వైపు వాలు మీద చాలాచోట్ల మట్టి జానెడు కూడా ఉండదు, కింద బండే. ఆ జానెడూ కొట్టుకుపోతే మన కాలంలో తిరిగి రాదు. అందుకే రెండో విడతకు ముందు పటాన్ని పెద్ద ఫ్లెక్సీగా వేయించి రచ్చబండ దగ్గర పరిచాం. మేకల బాటలు, ఊటలు, రాళ్లు దొర్లే చోట్లు కాపర్లే ముగ్గుపిండితో గీశారు. దాన్నిబట్టి కందకాల గీతలు జరిపాం. బాటకు రాళ్లు పరిచి వదిలేశాం. పని కొండ నెత్తిన మొదలుపెట్టి కిందికి దిగాం. తర్వాతి వానలకు ఆ గట్లు నిలబడ్డాయి. వంకలో నీళ్లు ఈసారి తేటగా దిగాయని చెరువు కింది రైతులు వచ్చి మరీ చెప్పారు.

గడ్డి గింజ రాలేదాకా ఒక వాలును మేతకు మూసి ఉంచుదామన్నది కూడా కాపర్ల మాటే. ఒకరిద్దరు తప్పారు, కూర్చోబెట్టి మాట్లాడాం.

వేసవిలో నిప్పు టెన్షన్ మామూలే. భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహ హెచ్చరికలు ఫోన్‌కు వస్తున్నాయి. అందులో ఒక్కో చుక్క సుమారు 375 మీటర్ల చదరం. ఏ మూల అంటుకుందో తేల్చేది మాత్రం పొగ చూసిన మనిషే. అందుకని కాపర్ల నంబర్లన్నీ ఒకే గ్రూపులో పెట్టాం.

చెక్క గరిటెలు చేసేవాళ్లు నర్ది చెట్టును మొదలంటా నరకకుండా కొమ్మలే తీసుకుంటామని ఒప్పుకున్నారు. వాళ్ల బతుకుతెరువు కూడా ఈ కొండే.

బావుల్లో ఫ్లోరైడ్ పరీక్ష వానలకు ముందొకసారి, తర్వాత ఒకసారి చేశాం. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బావుల నీళ్లు తాగొద్దని గోడ మీద రాయించాం. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది.

పడమటి వంక పని వచ్చే వానల్లోపు ముగించాలి. ఏ-ఫ్రేము పట్టడం నేర్చుకున్న పిల్లలు, ఆ వంక ఎరిగిన పెద్దలు ఆదివారం పొద్దున్నే రచ్చబండ దగ్గరికి రావాలని మనవి.