మనిషి రాకుండానే క్లోజ్ చేసిన కంప్లైంటు గురించి

సర్వీస్ మేనేజర్ గారికి,

అనంతపురంలో డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు బాగుచేసే షాపు నాది. మీ దగ్గర కొన్న వేపర్ డీగ్రీజర్‌లో, అంటే సాల్వెంట్ ఆవిరితో సామాన్ల జిడ్డు వదిలించే మిషన్‌లో, ఆవిరి బయటికి పోకుండా ఆపే పైన కాయిల్ చల్లబడడం లేదు. మిషన్ అన్నాక చెడిపోతుంది, దానికి నాకేం కోపం లేదు.

మొదటిసారి ఫోన్ చేస్తే ఒకమ్మాయి, "బట్టలు వేశాక డోర్ సరిగ్గా మూశారా సార్?" అంది. ఇది బట్టలుతికేది కాదమ్మా, కింద సాల్వెంట్ మరిగి ఆవిరై, చల్లటి నాజిల్ మీద చెమటలా పట్టి, జిడ్డును పట్టుకుని కిందికి కారుతుంది అని ఓపిగ్గా చెప్పాను. అంతా విని, "అయితే డ్రయ్యర్ మోడలా సార్?" అంది.

రెండో ఆయన, లీకవుతున్న ఆవిరిని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమన్నాడు. వాట్సాప్‌లో వాసన కూడా పంపే వీలుంటే మీకే పంపేవాణ్ని. మూడో ఆయన మా ఊరి ఎండదే తప్పన్నాడు. మిషన్‌లో పోసే సాల్వెంట్ ట్రైక్లోరోఎథిలీన్, అది మరిగేది 87 డిగ్రీల దగ్గర. మా అనంతపురం ఎండ ఇంకా అంత ఎదగలేదు లెండి. కాయిల్‌ను చల్లబరిచే చిల్లర్ పంపు తిరగడం లేదు మొర్రో అంటే వినేవాడు లేడు.

చివరికి టెక్నీషియన్ ఫోన్ చేసి, క్లాక్ టవర్ దగ్గరున్నానన్నాడు. మా పిల్లోణ్ని బండిమీద పంపాను. ఎండలో గంటసేపు నిలబడ్డాడు, ఎవరూ లేరు. సాయంత్రం మెసేజ్: "కస్టమర్ అందుబాటులో లేరు. కంప్లైంట్ క్లోజ్ చేయబడింది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి." ఏ సేవకండీ?

ఇంతకుముందు మిషనూ మీదే. పక్క షెడ్డాయనతో, కడపలో మా బావమరిదితో కూడా నేనే చెప్పి కొనిపించాను. ఏనాడన్నా కమీషన్ అడిగానా?

ఆ ఆవిరి గాలికన్నా బరువు, షెడ్డులో కిందనే పరుచుకుంటుంది. క్యాన్సర్ తెచ్చే సరుకని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లే తేల్చారు. పిల్లోళ్లకు తలనొప్పులొస్తుంటే మిషన్ ఆపేశాను. మైక్రాన్ల లెక్కలో కూర్చోవాల్సిన నాజిళ్లను ఇప్పుడు కిరసనాయిలులో ముంచి బ్రష్షుతో తోముతున్నాం.

సోమవారం లోపల ఏదో ఒకటి తేల్చండి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ పోతా. అప్పటికీ కదలకపోతే మిషన్ను లారీకెక్కించి మీ ఆఫీసు గేటు ముందే దింపిస్తా. బాడుగ మీదే.

మనిషిని పంపేటట్టయితే క్లాక్ టవర్ దగ్గర ఆగకుండా నేరుగా షెడ్డుకే రమ్మనండి.

ఇట్లు,
మీరు "అందుబాటులో లేరు" అని రాసుకున్న కస్టమర్