మావయ్య ఎం.జి. కారు సంగతి

ఒరేయ్ శీనూ,

ముందు తిట్టుకో, తర్వాత చదువు. దసరాకి ముందు వచ్చిన నీ ఉత్తరానికి ఇన్నాళ్ళకి జవాబు రాస్తున్నాను, క్షమించరా. ఇక్కడ అందరం కులాసా. పెద్దదానికి యూనివర్సిటీలో సీటొచ్చింది, సునీతకి హాస్పిటల్ డ్యూటీలు మామూలే. అమ్మ మోకాలి గురించి తర్వాత రాస్తా. ఇప్పుడు కారు సంగతి చెప్పకపోతే నేను ఆగలేను.

మావయ్య తన ఎం.జి.బి. స్పోర్ట్స్ కారుని నాకు రాసిపెట్టి పోయాడని ఫోన్లో చెప్పాను కదా. 1966 మోడల్, రెండే సీట్లు, టాపు తీసేసే రకం, మీగడ రంగు. తెనాలి ఇంట్లో గోడ మీద ఫోటోలో ఉండేది, నువ్వు ‘రాజుగారి గుర్రం’ అనేవాడివి, అదే! గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి ఇక్కడికి, ఇంగ్లండ్‌కి వచ్చి, కొవెంట్రీలో పనిచేసే రోజుల్లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. నాకు గరాజు లేదు, మావయ్య ఇల్లు ఖాళీ చెయ్యాలి. అమ్మక తప్పదు.

అమ్మడం కంటే ముందు ధర కట్టించాలి. మనిషి పోయిన రోజున మార్కెట్లో ఆ కారు ఎంత పలికేదో కాగితం మీద చూపించాలి, వారసత్వ పన్ను లెక్కలోకి అదే వెళ్తుంది. (తర్వాత అమ్మితే వచ్చే లాభం మీద మాత్రం పన్ను లేదు, సొంత కార్లకి ఇక్కడ మినహాయింపు.) మొదట ఒక డీలర్ వచ్చాడు. చుట్టూ ఓసారి తిరిగి, పెయింట్ మీద గోరుతో గీకి, “5,000 పౌండ్లు, ఇవాళే తీసుకెళ్తా” అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. మా బావమరిది అయితే డెంటింగ్, పెయింటింగ్ చేయించి అమ్ముదామన్నాడు. ఎం.జి. కార్ క్లబ్‌లో ఒక పెద్దాయన ఫోన్లోనే ఆపేశాడు, “నేనొచ్చి చూసేదాకా చెయ్యి వెయ్యొద్దు” అని.

ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల మధ్య పెరిగినవాడివి, నీకు నచ్చుతుంది విను. ఆయన పెయింట్ వైపు చూడనే లేదు. నేల మీద పడుకుని తలుపుల కింద ఉండే రేకు చూశాడు. ఈ కారుకి అడుగున విడిగా ఛాసిస్, అంటే ఇనుప చట్రం లేదు, పైన గట్టి టాపూ లేదు. బరువంతా ఆ రేకు పెట్టెల మీదే. అవి తుప్పు పడితే బండి నడుమ వంగుతుంది, తలుపు సందు ఒకవైపు మూసుకుపోతుంది. జాకీ మీద లేపి తలుపు తీసి వేసి చూశాడు. జేబులోంచి అయస్కాంతం తీసి అంగుళం అంగుళం ఆనించాడు. అతుక్కోకపోతే అక్కడ పుట్టీ ఉన్నట్టు. అన్ని చోట్లా అతుక్కుందిరా! తర్వాత నంబర్లు. ఛాసిస్ నంబరు అని పిలిచే బండి నంబరు జి.హెచ్.ఎన్.3, ఇంజను నంబరు 18 జి.బి. అని మొదలవుతాయి. ఈ కార్లు తయారైన అబింగ్డన్ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది కానీ దాని రికార్డులు గేడన్‌లోని కార్ల మ్యూజియంలో ఉన్నాయి, ఫీజు కడితే సర్టిఫికెట్ ఇస్తారు. తెప్పించాను. ఇంజను, రంగు, అన్నీ కలిశాయి.

“మరి బిల్లులున్నాయా?” అన్నాడాయన.

ట్రంకుపెట్టె తెరిచాను. కొన్న రోజు నుంచి ప్రతి బిల్లూ ఉంది. అడుగున ఒక నోటుపుస్తకం, మొత్తం తెలుగులో. “డైనమో బ్రష్షులు మార్చాను.” “రెండు 6 వోల్టుల బ్యాటరీల్లో ఎడమది పోయింది.” “బండి పూర్తిగా ఆగాకే ఫస్ట్ గేరు, గుర్తుంచుకో.” పక్కన తేదీ, మైళ్ళు. నేను చదివి చెప్తుంటే పెద్దాయన స్టూలు మీద కూర్చుని ఒక్కో బిల్లుతో సరిచూసుకున్నాడు. మైళ్ళు ఎక్కడా తప్పలేదు. కొత్త పెయింట్ వేయించి ఉంటే ఈ కాగితాలు చెప్పే కథనే అనుమానించేవారట.

అలా చదువుతూ 1984 దగ్గరికొచ్చాను. “తెనాలి నుంచి ఉత్తరం. కారు ఎప్పుడు తెస్తావని శీనుగాడు అడుగుతున్నాడట. టాపు కొత్తది కుట్టించాలి.”

శీనూ, నీ పేరురా! గొంతు పెగల్లేదు. ఆయనేమో “ఇంకెన్ని మైళ్ళు?” అని అడుగుతున్నాడు, నేనేమో...

సరే. పెద్దాయన 12,000 చుట్టూ ధర రాసిచ్చాడు. వేలానికిస్తే కమీషన్లు పోతాయని క్లబ్ వాళ్ళ ద్వారానే అమ్మకానికి పెట్టాను. బర్మింగ్‌హామ్ నుంచి ఒకాయన నోటుపుస్తకంతో కలిపి 12,500 అన్నాడు, అది లేకుండా 11,800. ఆయన అడగడం న్యాయమే, చరిత్ర కారుతోనే వెళ్ళాలంటారు ఇక్కడ. కానీ ఆ పుస్తకంలో అమ్మమ్మ జబ్బు ఉంది, మావయ్య ఒంటరి పండగలు ఉన్నాయి, నువ్వున్నావు. బిల్లులన్నీ ఇచ్చేస్తున్నాను. కారు గురించిన పేజీలకి ఫోటోలు తీసి, పక్కన ఇంగ్లీషులో రాసిచ్చాను. పుస్తకం మాత్రం ఇవ్వలేదు. 700 పౌండ్లా అంటావేమో, అను. నీ పేజీ ఫోటో ఈ కవర్లోనే పెడుతున్నా, పిన్నికి చూపించు, మీ నాన్న గురించి కూడా ఒక చోట

అయ్యో, కారుని తీసుకెళ్ళే ట్రెయిలర్ వచ్చేసింది. డబ్బు నిన్ననే బ్యాంకులో పడింది. ఈ బండికి బ్యాటరీ పాజిటివ్ ఎర్త్, అంటే ప్లస్ వైపే బాడీకి కలిపి ఉంటుంది, కొన్నాయన ఛార్జర్ తిరగేసి పెట్టకముందే పరిగెత్తాలి. ఉంటారా.

నీ
రవి