నవలలోని భార్య నేను కాను

సంపాదకుల వారికి,

మీ ఆదివారం అనుబంధంలో మా వారి నవల మీద సమీక్ష వచ్చి చాలా రోజులైంది. అప్పుడే రాయవలసింది. జనం నాలుగు రోజుల్లో మరిచిపోతారులే అని ఊరుకున్నాను. వాళ్లు మరిచిపోలేదు. మొన్న మా ఆఫీసులో ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "ఇంతకీ ఆ నగలు పుట్టింటివారు పెట్టినవా, అత్తింటివారు పెట్టినవా?" అని అడిగింది. పన్నెండో అధ్యాయంలో భార్య మూట కట్టుకుని వెళ్లిపోతుంది కదా, ఆ నగల సంగతి!

"ఈ గయ్యాళి భార్య పాత్ర రచయిత స్వానుభవంలోంచి వచ్చిందని వేరే చెప్పనవసరం లేదు" అని మీ సమీక్షకుడు రాశారు. అవసరం లేనప్పుడు చెప్పడం దేనికి? ఆ రాతప్రతిని కంప్యూటర్‌లోకి ఎక్కించింది నేను. ప్రూఫులు దిద్దింది నేను. అందులో ఏ మాట ఎవరి నోటిదో నాకంటే తెలిసినవారు లేరు. దీపం ఆర్పలేదని, కుళాయి కట్టలేదని, తలుపు గడియ వేయలేదని ఆ పాత్ర సణిగే సణుగుడంతా పొల్లు పోకుండా మా వారిదే. తన నోరు తీసుకెళ్లి ఒక ఆడమనిషికి పెట్టారు. బాగానే పెట్టారు, కాదనను. పేరు మాత్రం నాకు వచ్చింది.

ఇక బంధువులు. పుస్తకం చేతికి రాగానే వాళ్లు కథ చదవరు, తమను వెతుక్కుంటారు. మా చిన్నమామగారు అందులో అప్పు ఎగ్గొట్టే మనిషి తానేనని తీర్మానించుకుని మాతో మాట్లాడటం మానేశారు. ఆయన అప్పు ఎగ్గొట్టిన విషయం ఆ కోపం వల్లనే మాకు తెలిసింది. మా మరిది బాధ వేరు. ఎంత వెతికినా తాను ఎక్కడా లేడట. "నవల్లో పెట్టడానికి కూడా పనికిరానా వదినా?" అని నన్ను నిలదీశాడు.

ఈ జబ్బు మా ఇంట్లోనే పుట్టలేదు. జర్మన్ రచయిత థామస్ మన్ 1901లో తన వంశాన్ని పోలిన ఒక వంశం కథ నవలగా వేస్తే, ఆయన సొంత ఊరు ల్యూబెక్ వాళ్లు ఏ పాత్ర ఎవరో జాబితాలు రాసుకుని పంచుకున్నారు. పన్నెండేళ్లు గడిచాక, 1913లో, ఆయన బాబాయి పత్రికలో ప్రకటన వేయించి మరీ అన్న కొడుకును తిట్టాడు. ప్రధానంగా ఆ నవలకే 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. 1955లో ఆ ఊరే ఆయన్ను గౌరవ పౌరుణ్ణి చేసింది. అమెరికాలో థామస్ వుల్ఫ్ తొలి నవల 1929లో వచ్చినప్పుడు ఆష్‌విల్ జనం ఎంత మండిపడ్డారంటే, ఆయన 1937 దాకా సొంత ఊళ్లో అడుగు పెట్టలేదు. వాళ్లిద్దరూ నిజంగానే తమవాళ్లను ఎదురుగా పెట్టుకుని రాశారు కాబట్టి ఆ కోపాలకు ఒక అర్థం ఉంది. మా వారు ఎవరినీ అంతగా పరిశీలించే రకం కాదు. ఎదురింటాయన పేరు ఇప్పటికీ నన్నే అడుగుతారు.

"పాత్రలన్నీ కల్పితాలు" అని పుస్తకం మొదట్లోనే వేశాం. రష్యా రాజకుటుంబానికి దగ్గరైన సాధువు రస్పుటిన్ కథతో 1932లో హాలీవుడ్ తీసిన సినిమాలోని రాకుమారి తానేనని రష్యా రాజవంశీకురాలు ఇరీనా యూసుపోవ్ లండన్‌లో దావా వేసి 1934లో గెలిచాక, సినిమాలవాళ్లు భయపడి పట్టుకున్న వాక్యం అది. బంధువుల దగ్గర మాత్రం చెల్లదు. "అలా వేశారంటేనే ఏదో ఉంది" అంటారు.

వెతుక్కునేవాళ్లు కనీసం పేజీలు తిప్పుతారు. అదీ చేయనివారు ఉన్నారు. మా బావగారొకరు సంతకం పెట్టించుకుని మరీ పుస్తకం ఉచితంగా తీసుకున్నారు. "ఏకబిగిన చదివేశానమ్మా, కళ్లు చెమర్చాయి" అన్నారు. వాళ్లింటికి వెళ్లినప్పుడు ఊరికే తీసి చూశాను. బైండింగులో పొరపాటు జరిగి ఆ ప్రతిలో ఒక ఫారం, అంటే ఒకే కాగితాన్ని మడిచి చేసిన పదహారు పేజీల కట్ట, మడత తెగలేదు. 97వ పేజీ నుంచి 112 దాకా అలాగే అతుక్కుని ఉన్నాయి. ఏ బిగిన చదివారో ఆయనకే తెలియాలి. నేను మాత్రం నోరు మూసుకుని పుస్తకాన్ని యథాస్థానంలో పెట్టేశాను.

ఆవిష్కరణ సభకు వచ్చిన ఉన్నతాధికారి సంగతి చెప్పకుండా ఉండలేను. గంటన్నర ఆలస్యంగా వచ్చి, "ఈ కవితా సంపుటిలోని ప్రతి కవితా ఒక ఆణిముత్యం" అని సెలవిచ్చారు. సభ యావత్తూ చప్పట్లు కొట్టింది. ఆయన చేతిలో ఉన్నది మూడు వందల పేజీల నవల. ప్రభుత్వ గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపిక చేసే కుర్చీల్లోనూ ఇలాంటివారే కూర్చుంటారు. నిధులు లేవంటారు, పైగా "పరిశీలనకు" ఉచిత ప్రతులు అడుగుతారు. ఆ ప్రతులు ఎటు పోతాయో అడిగితే సమాధానం ఉండదు. ఉచితంగా వచ్చిన పుస్తకాన్ని ఎవరూ చదవరని ఆ బావగారు రుజువు చేశారు కదా, వీళ్లు మాత్రం చదువుతారా?

మీ పత్రికా తక్కువ తినలేదు. సమీక్షకు రెండు ప్రతులు పంపాలని షరతు పెడతారు. పంపినవాటిలో చాలావాటికి "స్వీకారం" శీర్షిక కింద పేరు, పేజీలు, వెల అచ్చు వేసి చేతులు దులుపుకుంటారు. మావి అంత అదృష్టానికి కూడా నోచుకోలేదు, సమీక్షే వేశారు. ఒకప్పుడు సమీక్ష అంటే కథ ఎక్కడ కుంటిందో, భాష ఎక్కడ తేలిపోయిందో చెప్పేవారు. మా వారి నవల ఏడో అధ్యాయం నుంచి పదో అధ్యాయం దాకా ఒక్క అడుగు కదలదు. ఆ ముక్క నేను చెబితే ఆయన వారం రోజులు ముభావంగా తిరిగారు. మీ సమీక్షకుడు అదే రాసి ఉంటే ఇద్దరం దండం పెట్టేవాళ్లం. అది వదిలేసి ఆయన మా వంటింట్లోకి తొంగిచూశారు.

ఈ ఉత్తరాన్ని కుదించి వేస్తారని తెలుసు. కుదించక తప్పకపోతే థామస్ మన్‌ను తీసేయండి, మా మరిదిని తీసేయండి. మీ పత్రిక గురించి రాసింది మాత్రం ఉంచండి.

ఇట్లు,
ఒక నవలా రచయిత భార్య
(పేరు వేయవద్దని మనవి. మిగిలిన బంధువులు కూడా ఇందులో తమను వెతుక్కుంటారు.)