అల్సర్ ఒకరికి వస్తే ఇంట్లో పెద్దలందరికీ పరీక్ష చేయించండి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కడుపులో మంట అనగానే మన దగ్గర అందరూ చేసేది మెడికల్ షాపుకి వెళ్లి గ్యాస్ గోళీ తెచ్చుకోవడమే. కొందరు ఏళ్ల తరబడి అదే మింగుతుంటారు. వాళ్లలో ఎంతోమంది కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే బ్యాక్టీరియా ఉండొచ్చు. గోళీతో మంట తగ్గుతుంది కానీ అది పోదు. అల్సర్లకు, అంటే కడుపులో పుండ్లకు, ముఖ్య కారణం కారమో టెన్షనో కాదు, ఈ బ్యాక్టీరియానే అని తేల్చిన బారీ మార్షల్, రాబిన్ వారెన్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. కడుపు క్యాన్సర్‌కూ ఇది కారణమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం 1994లోనే ప్రకటించింది.

ఇది చాలామందికి చిన్నతనంలో, సొంత ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం ఎక్కువ. అన్నకో అక్కకో ఉంటే వెనక పుట్టినవాళ్లకూ అంతే. ఎంగిలి, వాంతి, మలం ద్వారా పాకుతుంది. ముద్ద నమిలి పసివాళ్ల నోట్లో పెడతాం. వాంతి ఎత్తిన చేతులు సబ్బుతో కడగకుండానే వంటలోకి దిగుతాం. ఒకే గదిలో ఐదారుగురు ఉండే ఇళ్లలో, నాలుగు కుటుంబాలకు ఒకే మరుగుదొడ్డి ఉన్న వాటాల్లో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. చాలామందికి ఏ లక్షణమూ ఉండదు కాబట్టి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కూడా తెలియదు. దయచేసి దీన్ని తల్లుల తప్పుగా ప్రచారం చేయకండి. గోరుముద్దలు మానక్కర్లేదు. చేతులు కడుక్కోవడానికి రోజూ సరిపడా నీళ్లు రావాలి, అది మీ ప్రభుత్వం చేతిలో ఉన్న పని.

మా అత్తగారికి ఎండోస్కోపీలో (నోటి గుండా గొట్టం పంపి కడుపు లోపల చూసే పరీక్షలో) ఇది బయటపడింది. రెండు వారాల మందులు రాశారు. ఇంట్లో ఇంకెవరికైనా కడుపునొప్పి ఉందా అని ఎవరూ అడగలేదు. మందులు అయ్యాక మళ్లీ పరీక్ష చేయించాలనీ చెప్పలేదు. చైనా వైద్య నిపుణులు ఇంటిని ఒక యూనిట్‌గా తీసుకుని పెద్దలందరినీ పరీక్షించి వైద్యం చేయాలని మార్గదర్శకాలే రాసుకున్నారు. జపాన్ 2013 నుంచి అల్సర్ దాకా రాకముందే, ఈ బ్యాక్టీరియా వల్ల వచ్చే గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు) దశలోనే వైద్యానికి బీమా ఇస్తోంది.

మనం చేయగలిగింది ఉంది. మల పరీక్షతో దీన్ని గుర్తించవచ్చు, ఎండోస్కోపీ అందరికీ అక్కర్లేదు. ఒకరికి నిర్ధారణ అయితే ఆ ఇంట్లో పెద్దలందరికీ ఆ పరీక్ష బస్తీ దవాఖానా, పల్లె దవాఖానా స్థాయిలోనే ఉచితంగా జరిగేలా చూడండి. లక్షణాలు లేని పిల్లలకు తొందరపడి పరీక్షలు, మందులు వద్దు, పిల్లల వైద్యులూ అదే చెబుతున్నారు. యాంటీబయాటిక్స్ ఆపిన నాలుగు వారాల తర్వాత, గ్యాస్ గోళీ కూడా రెండు వారాలు ఆపించి, మళ్లీ పరీక్ష చేసి పోయిందో లేదో తేల్చాలి.

ఇంకొక్క మాట. విరేచనాలకు అలవాటుగా వాడేసిన మెట్రోనిడజోల్ అనే మందు మన దేశంలో ఈ బ్యాక్టీరియా మీద చాలావరకు పనిచేయడం లేదు. ఇక్కడ ఏ మందు పనిచేస్తోందో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో క్రమం తప్పకుండా పరీక్షించి, ఆ వివరాలు జిల్లా డాక్టర్లందరికీ పంపించండి. పరీక్ష లేకుండా షాపుల్లో యాంటీబయాటిక్ కిట్లు అమ్మడం ఆపించండి.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక గృహిణి